ట్యాంకుల ఆట అసలు పేరేంటి?

మారియో తెలియని వాళ్ళు మన కాలేజీలో ఎవరూ ఉండరు. కాంట్రా అనగానే చాలామందికి బొటనవేలు దానంతటదే కదులుతుంది. ఈ వ్యాసం ఆ రెండింటి గురించి కాదు. వాటిని ఎవరూ మర్చిపోలేదు. అదే క్యాసెట్‌లో, అదే మెనూలో, రెండు మూడు లైన్ల కింద ఉండి, మనం గంటలు గంటలు ఆడి, ఇప్పుడు పేరు కూడా గుర్తులేని ఆటల గురించి ఇది.

మా కోడుమూరులో వాటికి మేం పెట్టుకున్న పేర్లు: ట్యాంకుల ఆట, కారు ఆట, సర్కస్ ఆట, గుంతలు తవ్వే ఆట. ఎమ్మిగనూరులో, ఆదోనిలో మా చుట్టాల పిల్లలు కూడా దాదాపు ఇట్లే పిలిచేవాళ్ళు. ఇంజనీరింగ్‌కి వచ్చాక ఒకరోజు హాస్టల్లో ట్యాంకుల ఆట గుర్తొచ్చి నెట్‌లో వెతుకుదామని కూర్చున్నా. ఏమని వెతకాలి? పేరు తెలియదు. కంపెనీ తెలియదు. ఏ సంవత్సరానిదో తెలియదు. మా పెద్దనాన్న కొడుక్కి ఫోన్ చేశా. ఆ మెషీన్ ఆయనదే.

"అన్నా, మనం ఆడతాంటిమి కదా ట్యాంకుల ఆట, దాని పేరేమి?"

"ట్యాంకుల ఆటే కదరా పేరు!"

ఆట మరుగున పడటం అంటే ఏంటో నాకు అప్పుడర్థమైంది. బాగా లేని ఆట మరుగున పడటం సహజం. కానీ ఇవి బాగా లేక పోలేదు. పేరు పోయింది కాబట్టి పోయాయి. పేరు లేనిదాన్ని వెతకలేం, ఇంకొకరికి చెప్పలేం, దాచలేం.

పేర్లు ఎక్కడ పోయాయి?

నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో ఫ్యామికామ్ అనే కన్సోల్ విడుదల చేసింది. అదే 1985లో అమెరికాకు ఎన్ఈఎస్ అనే పేరుతో వెళ్ళింది. మా ఊళ్ళ దాకా వచ్చింది మాత్రం దాని నకలు. అంగట్లో "టీవీ వీడియో గేమ్" అని అడిగితే ఇచ్చేవాళ్ళు. అసలు కన్సోల్‌లో విడివిడిగా ఉండే ముఖ్యమైన చిప్పులను ఒకే చిప్పులోకి కుదించి, దాని మీద నల్లటి జిగురు బొట్టు వేసేవాళ్ళు. పాడైన మెషీన్‌ను స్క్రూడ్రైవర్‌తో విప్పి చూసిన వాళ్ళకు ఆ నల్ల బొట్టు గుర్తుండే ఉంటుంది.

క్యాసెట్ల సంగతి ఇంకా తమాషా. పైన "9999 ఇన్ 1" అని ఉంటుంది. లోపల నిజంగా ఉండేవి పదో ఇరవయ్యో. అదే ఆటను ఐదో లెవెల్ నుంచి మొదలుపెడితే ఒక పేరు, ప్రాణాలు ఎక్కువిస్తే ఇంకో పేరు. మన భాషలో చెప్పాలంటే, ఒక వేరియబుల్ మొదటి విలువ మార్చి కొత్త ఆట అని అమ్మారు.

ఇట్లా నకలు చేసేటప్పుడు చాలాసార్లు మొదటి స్క్రీన్ మీద ఉండే కంపెనీ పేరు, సంవత్సరం తీసేసేవాళ్ళు. ఒక్కోసారి ఆట పేరే మార్చేవాళ్ళు. "ట్యాంక్ 1990" అని ఒకటి చాలా క్యాసెట్లలో ఉంటుంది. పేరు చూసి 1990 నాటిది అనుకుంటాం. అది 1985 నాటి ఇంకో ఆటకు మార్పులు చేసిన నకలు. తయారు చేసిన వాళ్ళ పేరు అక్కడ పోయింది. మన దగ్గరికి వచ్చాక మిగిలిన పేరు కూడా పోయింది. మెనూలో ఇంగ్లిష్ అక్షరాలు చదివే ఓపిక ఎవరికి? నంబర్ గుర్తుపెట్టుకుంటే సరిపోయేది.

ఇప్పుడు నాలుగు ఆటలు అసలు పేర్లతో చూద్దాం.

1. ట్యాంకుల ఆట: బ్యాటిల్ సిటీ (నామ్కో, 1985)

కింద మధ్యలో ఇటుక గోడల లోపల గద్ద బొమ్మ. పై నుంచి శత్రువుల ట్యాంకులు వస్తాయి. ఒక్కో లెవెల్‌కు 20 ట్యాంకులు, మొత్తం 35 లెవెల్స్. గద్దకు ఒక్క గుండు తగిలితే ఆట అయిపోయినట్టే. మన గుండు తగిలినా అంతే.

దీన్ని ఎందుకు గుర్తుంచుకోవాలంటే, ఇద్దరూ ఒకేసారి, ఒకే జట్టుగా ఆడే ఆట ఇది. ఆ కాలపు ఆటలు చాలా వాటిలో ఇద్దరు ఆడటమంటే ఒకరు చచ్చాక ఇంకొకరు ఆడటం. ఇందులో ఒకరు గద్ద దగ్గర కాపలా, ఒకరు ముందుకు పోవాలి. పొరపాటున పక్కవాడిని కాలిస్తే వాడు చావడు గానీ కాసేపు కదలలేక నిలబడిపోతాడు. ఆ కాసేపట్లో శత్రువు వచ్చేస్తాడు. మా ఇంట్లో సగం గొడవలు ఆ ఒక్క రూల్ వల్లే. పక్కవాడితో కలిసి పని చేయడం అంటే వాడికి అడ్డం పడకుండా ఉండటం కూడా అని ఆ ఆట చెప్పింది.

రెండో కారణం, మెనూలో "కన్‌స్ట్రక్షన్" అనే మూడో లైన్. దాన్ని నొక్కితే 13 అడ్డం, 13 నిలువు గడుల ఖాళీ మైదానం వస్తుంది. ఇటుక, ఇనుము, నీళ్ళు, చెట్లు, మంచు, ఏది కావాలంటే అది పెట్టి మన లెవెల్ మనమే కట్టుకోవచ్చు. నీళ్ళ మీద ట్యాంకు పోదు గానీ గుండు పోతుంది. చెట్ల కింద ట్యాంకు కనబడదు. ఈ కొద్ది రూల్స్‌తో ఎన్ని రకాలుగా కట్టొచ్చో.

మా అన్న, నేను ఒక దసరా సెలవుల్లో మా ఊరిని కట్టినాం. మధ్యలో అడ్డంగా హంద్రీ నది, ఒకచోట వంతెనకు ఖాళీ, ఈవలి ఒడ్డున చెట్లు, ఇటుకలతో ఇళ్ళు. ఎండాకాలంలో హంద్రీలో ఇసుకే కనబడుతుంది గానీ మా మ్యాప్‌లో ఎప్పుడూ నిండుగా ఉండేది. శత్రువులు వంతెన మీదుగా రావాల్సిందే, మేం చెట్లలో దాక్కొని కాల్చేవాళ్ళం. సరిగ్గా గంటసేపు ఆడామో లేదో, కరెంటు పోయింది.

మళ్ళీ కరెంటు వచ్చాక చూస్తే ఖాళీ మైదానం. ఆ మెషీన్‌లో మనం కట్టింది ఉండేది ర్యామ్‌లో. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ. క్యాసెట్‌లో ఉన్నది రామ్, అంటే చదవడానికి మాత్రమే వీలయ్యే మెమరీ. అందులో మనం ఏమీ రాయలేం. వోలటైల్ మెమరీ అంటే ఏంటో సెకండ్ ఇయర్‌లో సార్ చెప్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు.

ఇంకో సంగతి. మనం "బండి ఆట" అనే ఎక్సైట్‌బైక్‌లో (నింటెండో, 1984) కూడా ట్రాక్ కట్టుకోవచ్చు. అందులో "సేవ్" అని మెనూలోనే ఉంటుంది. నొక్కితే ఏమీ కాదు. మెషీన్ పాడైందనుకున్నాం. అసలు అది టేప్ రికార్డర్ లాంటి పరికరానికి సేవ్ చేయడానికి పెట్టిన ఆప్షన్, ఆ పరికరం జపాన్ దాటి రాలేదు. అమెరికాలో అమ్మిన ఆట పుస్తకంలోనే ఈ ఆప్షన్ పని చేయదని రాశారు. అంటే లోపం మా మెషీన్‌ది కాదు.

2. కారు ఆట: రోడ్ ఫైటర్ (కొనామి, ఆర్కేడ్ 1984, ఫ్యామికామ్ 1985)

పై నుంచి చూస్తున్నట్టు రోడ్డు. ఎర్ర కారు మనది. ఒక బటన్ నొక్కితే మామూలు వేగం, ఇంకోటి నొక్కితే 400 దాకా. ఇందులో ప్రాణాలు లేవు, పెట్రోల్ ఉంది. గుద్దుకుంటే చావం, కానీ పెట్రోల్ పోతుంది. పెట్రోల్ అయిపోతే ఆట అయిపోతుంది. రంగురంగుల కారు ఒకటి వస్తుంది, దాన్ని మాత్రం కావాలని గుద్దాలి, పెట్రోల్ వస్తుంది.

పక్క కారు తగిలినప్పుడు మన కారు అటూ ఇటూ జారుతుంది. భయపడి బ్రేక్ వేసేవాడు గోడకు పోయి గుద్దుకుంటాడు. జారే వైపుకు ఎదురుగా ఒక్కసారి తిప్పితే కారు నిలబడుతుంది. ఎవరూ నేర్పరు, ఆట పుస్తకం మనకు రాలేదు. చూసి, ఓడి, నేర్చుకోవాలి. పది నిమిషాల్లో అర్థమయ్యే ఆట, పది రోజులకు గానీ చేతికి రాదు. చాలాసేపు దేనికీ తగలకుండా నడిపితే పక్కన గాల్లో ఎగురుతూ ఒక మనిషి వస్తాడు, పాయింట్లు ఇస్తాడు. మేం సూపర్‌మ్యాన్ అనుకునేవాళ్ళం. ఆయన కొనామి మ్యాన్, ఆ కంపెనీ సొంత హీరో. కంపెనీ పేరు తెలిసి ఉంటే అప్పుడే తెలిసేది.

3. సర్కస్ ఆట: సర్కస్ చార్లీ (కొనామి, ఆర్కేడ్ 1984)

సింహం మీద నిలబడి మంటల చక్రాల్లోంచి దూకడం, తాడు మీద నడుస్తూ కోతుల మీదుగా దూకడం, బంతుల మీద, గుర్రం మీద, చివరికి ఊయల పట్టుకొని. బటన్లు రెండే పనులకు: కదలడం, దూకడం. ఐదు ఆటలకూ ఆ రెండే. కానీ ఒక్కోచోట దూకే లెక్క వేరు. తాడు మీద మామూలు కోతుల మీదుగా నీలం కోతి దూకుతూ వస్తుంది, దాని కాలాన్ని కూడా లెక్కేసుకోవాలి.

మా ఇంట్లో ఈ ఆట ఆడింది మేం పిల్లలం మాత్రమే కాదు. మా పెద్దమ్మ వంట అయ్యాక వచ్చి కూర్చొని సింహం ఆట ఆడేది. తుపాకులు లేవు, చంపడం లేదు, సర్కస్ అందరికీ తెలుసు. పై లైన్ చదవాల్సిన అవసరం లేదు. ఇంట్లో ఎవరైనా ఆడగలిగే ఆట చేయడం ఎంత కష్టమో, మినీ ప్రాజెక్టులో ఒక చిన్న యాప్ చేసి ఇంట్లో చూపించినవాళ్ళకు తెలుస్తుంది.

4. గుంతలు తవ్వే ఆట: లోడ్ రన్నర్ (1983, ఫ్యామికామ్ 1984)

ఇది మన లాంటి ఒక విద్యార్థి మొదలుపెట్టిన ఆట. డగ్లస్ స్మిత్ అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ దీన్ని తయారు చేశాడు. బ్రోడర్‌బండ్ కంపెనీ 1983లో విడుదల చేసింది. మరుసటి ఏడాది హడ్సన్ సాఫ్ట్ దీన్ని ఫ్యామికామ్‌కు మార్చింది. ఆ మెషీన్‌కు నింటెండో కాక బయటి కంపెనీ చేసిన తొలి ఆటల్లో ఇదొకటి.

ఇందులో హీరో దూకలేడు, కాల్చలేడు. ఎడమ పక్క గానీ కుడి పక్క గానీ గుంత తవ్వగలడు, అంతే. వెంటపడేవాడు గుంతలో పడితే వాడి తల మీదుగా నడిచి పోవచ్చు. కాసేపటికి గుంత పూడుకుపోతుంది. ముందు తవ్వాలా, ముందు ఎక్కాలా అని ఆలోచించాలి. తప్పు చోట తవ్వుకుంటే మన గుంతలో మనమే. శత్రువు మహా తెలివైనవాడేం కాదు, కొన్ని రూల్స్ ప్రకారం కదులుతాడు. ఆ రూల్స్ కనిపెట్టేస్తే వాడిని మనకు కావలసిన చోటికి రప్పించుకోవచ్చు. స్టేట్ మెషీన్ అనే మాట వినకముందే మనం దాన్ని అర్థం చేసుకున్నాం.

ఇంజనీర్ కళ్ళతో ఒకసారి

ఆ మెషీన్ ప్రాసెసర్ వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్. ప్రోగ్రామ్ వాడుకోవడానికి ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు. బ్యాటిల్ సిటీ మొత్తం, కోడ్, బొమ్మలు, 35 లెవెల్స్ కలిపి 24 కిలోబైట్లు. ఈరోజు ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో రెండు మూడు మెగాబైట్లు ఉంటుంది. అంటే ఒక్క సెల్ఫీ ఉన్న చోట ఇట్లాంటి ఆటలు వంద పడతాయి.

చోటు లేనప్పుడు తెలివి వాడాలి. సూపర్ మారియోలో మేఘం, పొద రెండూ ఒకే బొమ్మ, రంగు మార్చారు. బొమ్మలన్నీ 8 × 8 పిక్సెళ్ళ గడుల్లో గీసేవాళ్ళు. వెనకాల బొమ్మలకు ఒకసారికి 256 గడులే. అక్షరాలు కూడా అందులోంచే. ఇంగ్లిష్ అక్షరం ఒక గడిలో పడుతుంది. మన "స్త్రీ"ని 8 × 8 గడిలో రాయడానికి ప్రయత్నించి చూడండి. అక్షరం, వత్తులు, గుడిదీర్ఘం అన్నీ పట్టవు. ఖాళీ ఉన్న లీజర్ పీరియడ్‌లో గళ్ళ కాగితం మీద చేయదగ్గ పని ఇది.

క్యాసెట్‌ను నోటితో ఊది పెట్టేవాళ్ళం కదా. ఊదినందువల్ల ఆట రాలేదు. తీసి మళ్ళీ పెట్టడం వల్ల పిన్నులు సరిగ్గా తగిలి వచ్చింది. ఊపిరిలోని తేమ ఆ పిన్నులకు చెడుపే చేస్తుంది. ఇంట్లో అటక మీద పాత క్యాసెట్ ఉంటే ఇకనైనా ఊదకండి.

మనవాళ్ళు చేసినవి కూడా పోతున్నాయి

జపాన్ ఆటలకు మన దగ్గర పేర్లు పోయాయి గానీ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట వాటి చరిత్ర రాసి ఉంది. అందుకే చివరికి నేను వెతికి పట్టుకోగలిగాను. మరి హైదరాబాద్‌లో తయారైన ఆటల సంగతి? మూడు పేర్లు చెప్తా, ఎన్ని విన్నారో లెక్కేసుకోండి.

గజిని: ది గేమ్, 2008. అల్లు అరవింద్, ఠాగూర్ మధు, మధు మంతెన నిర్మించిన హిందీ సినిమా ఆధారంగా హైదరాబాద్‌లోని ఎఫ్ఎక్స్‌ల్యాబ్స్ తయారు చేసిన పీసీ ఆట.

హనుమాన్: బాయ్ వారియర్, 2009. హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ చేసింది, సోనీ విడుదల చేసింది. పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి ప్లేస్టేషన్ 2 ఆట. దేవుడిని బటన్లతో ఆడించడం తగదని అమెరికాలోని హిందూ నాయకుడు రాజన్ జెడ్ అప్పట్లో అభ్యంతరం చెప్పారు.

దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా, 2009. హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర చేసింది. కబడ్డీ, గాలిపటాలు, మనం బిళ్ళంగోడు అనుకునే గిల్లీదండా, ఇవన్నీ ప్లేస్టేషన్‌లో.

ఇవి గొప్ప ఆటలని నేను అనను. హనుమాన్‌కు మంచి రివ్యూలు రాలేదు. పైగా ప్లేస్టేషన్ ఆటలు రెండూ ప్లేస్టేషన్ 3 వచ్చాక ప్లేస్టేషన్ 2 మీద వచ్చాయి. కానీ మొదటిది అనేది ఎప్పుడూ గొప్పగా ఉండాలని లేదు. మొదటి టాకీలను మనం ఈరోజు నటన కోసం మాత్రమే గుర్తుపెట్టుకోలేదు కదా. గేమింగ్ కంపెనీలో ఉద్యోగం కావాలని మనలో చాలామంది అనుకుంటున్నాం. మనకు పదిహేనేళ్ళ ముందు అదే హైదరాబాద్‌లో ఆ పని చేసిన వాళ్ళు ఏం కష్టపడ్డారో, ఎక్కడ తప్పు చేశారో తెలియకపోతే మళ్ళీ మొదటి లెవెల్ నుంచే మొదలుపెట్టాలి.

దాచడం ఎట్లా?

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం చేసింది. అక్కడ 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవని తేలింది. అంత పెద్ద మార్కెట్‌లోనే అట్లా ఉంటే మన సంగతి వేరే చెప్పాలా?

"ఎమ్యులేటర్ ఉంది కదన్నా, డౌన్‌లోడ్ చేసుకుంటే పోలా?" అని జూనియర్ ఒకడు అడిగాడు. ఎమ్యులేటర్ మంచి సాధనమే. కానీ మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనతో సమానంగా చూస్తుంది. 1985 నాటి ఆటకు ఇంకా హక్కులున్నాయి. కొన్నిటిని కంపెనీలే మళ్ళీ అమ్ముతున్నాయి. బ్యాటిల్ సిటీ 2020లో వచ్చిన నామ్కో మ్యూజియం ఆర్కైవ్స్ రెండో భాగంలో ఉంది.

పైగా ఫైల్ దాస్తే అంతా దాచినట్టు కాదు. పిట్టల ఆటనే తీసుకోండి. డక్ హంట్ తుపాకీ పాత డబ్బా టీవీలతోనే పని చేస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, పిట్ట ఉన్నచోట తెల్ల గడి వస్తుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగును చూస్తుంది. కొత్త ఎల్ఈడీ టీవీలో ఆ లెక్క కుదరదు. ఆట ఉన్నా, తుపాకీ ఉన్నా, టీవీ లేకపోతే పిట్ట పడదు.

ఇంకా ఫైల్‌లో దొరకనివి ఉన్నాయి. చచ్చినవాడు కంట్రోలర్ పక్కవాడికి ఇవ్వాలనే రూల్. అడాప్టర్ వేడెక్కితే ఆట ఆపి కాసేపు ఫ్యాన్ కింద పెట్టడం. ఆట మధ్యలో నాయన వార్తలు పెట్టమనడం. ఏ ఊళ్ళో ఏ ఆటను ఏమని పిలిచారో. ఇవేవీ జపాన్‌లో ఎవరూ రాసి పెట్టరు. వీటికి ఏ కాపీరైటూ అడ్డం కాదు. ఇవి మనం రాస్తేనే ఉంటాయి.

ఆటల పేర్లు దొరికాక మా అన్నకు మళ్ళీ ఫోన్ చేశా. "బ్యాటిల్ సిటీ అంటన్నా దాని పేరు" అన్నా. "అట్లనా" అన్నాడు, పెద్దగా పట్టించుకోలేదు. "మనం హంద్రీ కట్టినాం, గుర్తుందా?" అని అడిగా.

"గుర్తు లేకేమి. వంతెన కాడ శత్రువును ఇడ్సిపెట్టి నన్ను కాలుస్తాంటివి కదరా!"

ఆ మ్యాప్ ఏ మెమరీలోనూ లేదు. మా ఇద్దరి దగ్గరే ఉంది. అందుకే ఇక్కడ రాసి పెట్టాను.

చివరగా ఒక చిన్న జాబితా. ఎడమ పక్క మా ఊరి పేరు, కుడి పక్క అసలు పేరు.

ట్యాంకుల ఆట – బ్యాటిల్ సిటీ, నామ్కో, 1985
కారు ఆట – రోడ్ ఫైటర్, కొనామి, 1984
సర్కస్ ఆట – సర్కస్ చార్లీ, కొనామి, 1984
గుంతలు తవ్వే ఆట – లోడ్ రన్నర్, డగ్లస్ స్మిత్, 1983
బండి ఆట – ఎక్సైట్‌బైక్, నింటెండో, 1984
ఐసు పగలగొట్టే ఆట – ఐస్ క్లైంబర్, నింటెండో, 1985
రెండు పెంగ్విన్ల ఆట – బైనరీ ల్యాండ్, హడ్సన్ సాఫ్ట్, ఫ్యామికామ్ 1985

మీ ఊళ్ళో వీటిని ఏమనేవాళ్ళో, ఈ జాబితాలో లేనివి ఏమున్నాయో రాసి క్లబ్‌కు పంపండి. అసలు పేరు తెలియకపోయినా పరవాలేదు. ఆట ఎట్లుంటుందో చెప్పండి, పేరు కలిసి వెతుకుదాం. ఇంటికి పోయినప్పుడు అన్ననో, అక్కనో, మామనో ఒకసారి అడగండి. వచ్చే సంచికకు ఈ జాబితా ఏడు లైన్ల దగ్గర ఆగకూడదు.